మీటరు మీద ఎర్ర చుక్క

ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న ఎలక్ట్రానిక్ కరెంటు మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర దీపం ఆగి ఆగి మెరుస్తూ ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేసరికి అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే అచ్చు వేసి ఉంటుంది. మా మీటరు మీద ఆ సంఖ్య 3200. ఒక ఆదివారం ఉదయం ఇంట్లో అన్నీ ఆపించి, ఒక్కొక్క వస్తువునే వేయిస్తూ, గడియారం దగ్గర పెట్టుకొని ఆ మెరుపులను లెక్కపెట్టాను. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే వెలుగుతున్నప్పుడు ఒక మెరుపు తర్వాత మరొకటి రావడానికి రెండు నిమిషాలకు పైగా పట్టింది. 75 వాట్ల పాత ఫ్యానుకు నిమిషానికి నాలుగు వచ్చాయి. 2000 వాట్ల గీజరు వేయగానే మాత్రం నిమిషానికి నూరు దాటాయి.

లైటు ఆర్పలేదని పిల్లల మీద కేకలు వేసే ఇళ్లలోనే గీజరు గంటసేపు అలా వెలుగుతూ ఉండడం నేను చాలాసార్లు చూశాను. లైటు ఆర్పడం మంచి అలవాటే, కానీ ఇంటి కరెంటు ఖర్చులో పెద్ద వాటా వేడి పుట్టించే చోట, వేడిని బయటికి తోడే చోట ఉంటుంది. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. అంతే శక్తితో ఆ లీటరు నీటిని చార్మినార్ ఎత్తుకు ఏడు రెట్లకు పైగా పైకి ఎత్తవచ్చు. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి మూడో వంతు యూనిట్‌కు కొంచెం ఎక్కువే ఖర్చవుతుంది, ఆ కరెంటుతో పైన చెప్పిన బల్బు 39 గంటలు వెలుగుతుంది. కాబట్టి ఇంట్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు ముగించుకొని గీజరు కట్టేయడం మంచిది. నీళ్లు కాగాక అది తనంతట తానే ఆగుతుంది నిజమే, కానీ లోపలి వేడి మెల్లమెల్లగా బయటికి పోతూనే ఉంటుంది కనుక మళ్లీ మళ్లీ వెలుగుతూ ఆ నష్టాన్ని పూడ్చుకుంటుంది. ఎండాకాలంలో మేడ మీది ట్యాంకు నీళ్లు ఎలాగూ వెచ్చగానే వస్తాయి, అప్పుడు గీజరుతో పనే లేదు.

ఏసీ వేడిని పుట్టించదు, గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. బయట 40 డిగ్రీలు ఉన్నప్పుడు గదిని 20 దగ్గర ఉంచితే తేడా 20 డిగ్రీలు, 26 దగ్గర ఉంచితే 14 డిగ్రీలే. గోడల గుండా లోపలికి వచ్చే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కనుక, ఆ మేరకు అది దాదాపు మూడో వంతు తగ్గుతుంది. స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల అమరికతోనే రావాలని 2020 జనవరి నుంచి నిబంధన పెట్టడానికి కారణం ఈ లెక్కే. పడమటి కిటికీకి లోపల తెర వేయడం కన్నా బయట నీడ కట్టడం మేలు, ఎందుకంటే అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ అప్పటికే గదిలో వేడిగా మారిపోయి ఉంటుంది. పూర్వం వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. ఒక లీటరు నీరు ఆవిరవుతూ ముప్పాతిక యూనిట్‌కు కొంచెం తక్కువ వేడిని తనతో తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉండే రాయలసీమ, తెలంగాణ ఊళ్లలో ఆ పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది, ఉక్కపోసే కోస్తాలో అంతగా కాదు.

ఇక ఫ్యాను. గంటకు అది తినే కరెంటు తక్కువే కానీ అది తిరిగే కాలం ఎక్కువ. రోజుకు 15 గంటలు తిరిగే పాత ఫ్యాను యూనిట్‌కు పైగా తింటే, 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు ఉండే కొత్త రకం) ఫ్యానుకు అర యూనిట్ కూడా కాదు. పాత మోటారులో తిరిగే భాగానికి అయస్కాంత శక్తి కూడా కరెంటు నుంచే పుట్టాలి, కొత్తదానిలో అక్కడ శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి. నాలుగు ఫ్యాన్లున్న ఇంట్లో నెలకు 80 యూనిట్ల దాకా తగ్గుతాయి, అవి కూడా ధర ఎక్కువగా ఉండే పై స్లాబు నుంచే తగ్గుతాయి. అయితే ఫ్యాను చల్లబరిచేది మన ఒంటి చెమటనే తప్ప గదిని కాదు, మనుషులు లేని గదిలో అది తిరగడం వృథా.

వంటింట్లో గ్యాసుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. లీటరు ఎసరును 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే వేడికి, మరిగాక అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు ఎనిమిది రెట్ల వేడి కావాలి. అన్నం ఉడుకు పట్టాక మంట పెద్దగా ఉంచితే నీరు 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం ఎక్కువగా పోతుంది, గ్యాసు దానితోపాటే పోతుంది. మూత పెట్టి సెగ తగ్గించినా బియ్యం ఉడకడానికి పట్టే సమయం దాదాపు అంతే. కుక్కరులో ఒత్తిడి వల్ల నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కనుక, అరగంట నానిన కందిపప్పు అందులో త్వరగా మెత్తబడుతుంది. మొదటి విజిల్ రాగానే మంట సన్నం చేయాలి. స్టవ్ కట్టేశాక ఆవిరి దానంతట అది దిగేదాకా మూత తీయకుంటే, ఆ లోపలి వేడికే పప్పు ఇంకొంత ఉడుకుతుంది.