అనంతపురం బోరు నీళ్ల వేడి: పాతాళం వాటా ఎంత?

చలికాలం పొద్దున్నే బోరు ఆన్ చేస్తే గోరువెచ్చటి నీళ్లు పడతాయి. "వెయ్యి అడుగులు దింపాం కదా, అడుగున అంతా మంటే" అనే పెద్దమనిషి అనంతపురం జిల్లాలో ఏ ఊరికి పోయినా కనిపిస్తాడు. లోతుకు పోయేకొద్దీ వేడి పెరగడం నిజమే గానీ, మన కింద ఉన్న రాయి ఆ విషయంలో మహా బద్ధకస్తురాలు.

దీనికి పెద్ద సాక్ష్యం పక్కనున్న కోలారు బంగారు గనులు. 2001లో మూతపడేనాటికి 3 కిలోమీటర్లు దాటి తవ్వేశారు, అడుగున రాయి వేడి 65 డిగ్రీల పైమాటే, చల్లగాలి పంపకపోతే మనిషి నిలవలేడు. వినడానికి భయంగా ఉంటుంది, కానీ నేల పైన ఎలాగూ ఉండే వేడిని తీసేసి లెక్క వేస్తే కిలోమీటరుకు 13 డిగ్రీలు పెరిగినట్టు, అంతే. ఖండాల మీద మామూలుగా 25 నుంచి 30 పెరుగుతుంది. మన రామగిరి బంగారం దొరికిందీ ఆ కోవ పాత రాతిలోనే.

ఈ వేడి ఎక్కడిదన్న గొడవ పాతది. భూమి ఒకప్పటి కరిగిన ముద్ద, అది చల్లారుతోందంతే అనుకుని శాస్త్రవేత్త కెల్విన్ 1862లో దాని వయసును 2 నుంచి 40 కోట్ల ఏళ్లుగా లెక్కగట్టాడు. రేడియం తనంతట తానే వేడి పుట్టిస్తుందని 1903లో పియర్ క్యూరీ, లబోర్డ్ చూపించాక సంగతి మారింది. రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం కూడా అదే పని చేస్తాయి, కాకపోతే చాలా నిదానంగా. ఇవి ఎక్కువగా ఉండేది భూమి పైపొరలో. మన రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, దాని పైపొరలు ఎప్పుడో అరిగి కొట్టుకుపోయాయి. పైగా కింద మందంగా, చల్లగా ఉన్న రాతి పలక లోపలి వేడిని అంత తేలిగ్గా పైకి రానివ్వదు.

మరి కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఉంది కదా, అక్కడ నేల ఉడకాలి కదా అంటారు. అక్కడి ఖనిజం టన్నులో యురేనియం అర కిలో కూడా ఉండదు, అదీ పలచటి పొరల్లోనే. కిలోమీటర్ల మందం రాయిలో సగటున ఎంత ఉందన్నదే లెక్కకు వస్తుంది.

ఇక మన బోరు. పది పదిహేను మీటర్లు దాటితే ఎండాకాలం, చలికాలం తేడా నేలకు తెలియదు, ఏడాది సగటు వేడి దగ్గరే ఆగిపోతుంది. మన దగ్గర అది 28 డిగ్రీల చుట్టుపక్కల. బెలుం గుహల్లో చెమటలు పట్టడానికి కారణం పాతాళం కాదు, ఈ సగటు వేడీ, లోపలి తేమా. వెయ్యి అడుగులంటే 300 మీటర్లు, అంటే మరో 4 డిగ్రీలు. మొత్తం 32. బయట 16 డిగ్రీల చలిలో ఆ నీళ్లు వెచ్చగా తగలక ఏమవుతాయి? నడి వేసవిలో అవే నీళ్లు హాయిగా ఉంటాయి, ఎండలో పడి ఉన్న పైపులో కాగితే తప్ప.

అందుకే భూమి వేడితో కరెంటు అనగానే 1970ల్లో లద్దాఖ్‌లోని పూగాకు పోయి బోర్లు వేశారు. హిమాలయాలు ఇంకా లేస్తున్న ఆ చోట కొన్ని వందల మీటర్లకే వేడి 100 డిగ్రీలు దాటింది.