డ్యూయల్ క్రెడిట్ చిక్కు 2015లోనే మొదలైంది

టెక్సస్‌లో డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్‌లో ఉండగానే కాలేజీ క్రెడిట్ కూడా తెచ్చే కోర్సులు) మళ్లీ చర్చకు వచ్చింది. 2026 ఫాల్ నుంచి యూటీ ఆస్టిన్ యూనివర్సిటీలో ఆటోమేటిక్ అడ్మిషన్ హైస్కూల్ క్లాసు ర్యాంకులో మొదటి 6 శాతానికి కాక 5 శాతానికే. దాంతో ర్యాంకు కోసం ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: చివరి పరీక్ష స్కోరును బట్టి కాలేజీ క్రెడిట్ వచ్చే హైస్కూల్ కోర్సులు) తీసుకోవాలా, డ్యూయల్ క్రెడిటా అన్న టెన్షన్ ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోని తెలుగు ఇళ్లలోనూ పెరిగింది. అసలు చిక్కు ర్యాంకుది కాదు, క్రెడిట్ల లెక్కది.

2015 వరకు ఈ కోర్సులు ప్రధానంగా 11, 12 తరగతుల వాళ్లకే, అదీ సెమిస్టర్‌కు రెండే. కాలేజీ కోర్సులు కలిపి నడిపే ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లకు మాత్రం మినహాయింపు ఉండేది. ఆ ఏడాది హెచ్‌బీ 505 చట్టం ఆ హద్దులు ఎత్తేసింది. కాలేజీ చదువుకు సిద్ధమేనా అని చూసే టీఎస్‌ఐ పరీక్ష గట్టెక్కితే 9వ తరగతి నుంచే కాలేజీ కోర్సులు, ఓపిక ఉంటే హైస్కూల్‌తోపాటే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. అదే సమావేశాల్లో ఏపీ విషయంలో మాత్రం శాసనసభ యూనివర్సిటీలను కట్టడి చేసింది: సరైన ఆధారం చూపకుండా క్రెడిట్‌కు 5లో 3 కంటే ఎక్కువ స్కోరు అడగకూడదని. డ్యూయల్ క్రెడిట్‌కు దారి తెరిచారు గానీ, ఆ క్రెడిట్లు డిగ్రీలో ఎక్కడ సర్దుకుంటాయో తేల్చలేదు.

42 క్రెడిట్ గంటల కోర్ (డిగ్రీ ఏదైనా అందరూ చదవాల్సిన ఉమ్మడి కోర్సులు) పూర్తిచేస్తే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలన్నీ ఒప్పుకోవాలి. ఇబ్బంది ఆ తర్వాతే. సైకాలజీ, సోషియాలజీ రెండూ చదివిన పిల్లకి కోర్‌లో ఒక్కటే పడుతుంది, రెండోది ఎలెక్టివ్ (ఐచ్ఛిక కోర్సు). ఇంజనీరింగ్‌లో ఎలెక్టివ్‌కు చోటే తక్కువ. కాలేజ్ ఆల్జీబ్రా కోర్‌కు చాలు, ఇంజనీరింగ్ డిగ్రీకి కాల్క్యులస్ కావాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో క్రెడిట్ ఉంటుంది, డిగ్రీ మాత్రం ఒక్క అడుగూ ముందుకు కదలదు. పైగా 14 ఏళ్లకు తెచ్చుకున్న సీ గ్రేడు కాలేజీ రికార్డులో నిలిచిపోతుంది. రేపు మెడిసిన్‌కు అప్లై చేసేటప్పుడు అదీ చూపించాల్సిందే.

పునాది గట్టిగా లేనివాళ్లు పై కోర్సుల్లో తడబడతారన్నది యూనివర్సిటీల వాదన. 2019లో మరో చట్టం వచ్చింది. 15 క్రెడిట్ గంటలు పూర్తిచేసిన డ్యూయల్ క్రెడిట్ విద్యార్థి డిగ్రీ ప్లాన్ ఇవ్వాలంది. ఏ డిగ్రీ చదవాలో ఇంకా తేల్చుకోని పదో తరగతి పిల్లాడి నెత్తినే ఆ బరువు పెట్టింది.

2023లో హెచ్‌బీ 8 చట్టం వచ్చింది. దాని కింద ఫాస్ట్ పథకంలో చేరిన కాలేజీల్లో పేద విద్యార్థులకు ఈ కోర్సులు ఉచితం. మంచి పనే. కానీ ఎలెక్టివ్‌గా మిగిలిపోయిన కోర్సు బదులు అసలు కోర్సును ఆ పిల్లలు యూనివర్సిటీలో, యూనివర్సిటీ ఫీజు లెక్కనే మళ్లీ చదవాలి. ఆ ఖర్చు ఈ పథకంలోకి రాదు.