రెండుసార్లు ప్రధాని, రెండుసార్లూ 13 రోజులే

రాష్ట్రపతి హఠాత్తుగా మరణిస్తే ఉపరాష్ట్రపతి ఆ బాధ్యత చూస్తారని రాజ్యాంగం 65వ అధికరణం స్పష్టంగా చెబుతుంది. ప్రధాని మరణిస్తే ఏం చేయాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. ‘తాత్కాలిక ప్రధాని’ అనే మాటే రాజ్యాంగంలో కనిపించదు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఆ మాట వాడేది గుల్జారీలాల్ నందా గురించి. నిజానికి ఆయన రెండుసార్లూ పూర్తిస్థాయి ప్రధానిగానే ప్రమాణం చేశారు.

1964 మే 27న నెహ్రూ మరణించిన కొద్ది గంటలకే రాష్ట్రపతి రాధాకృష్ణన్ నందా చేత ప్రమాణం చేయించారు. ఆయన్నే ఎందుకు పిలిచారు? కేబినెట్‌లో నెహ్రూ తర్వాతి స్థానం ఆయనది కాబట్టి. ఆ స్థానం ఆయనకు దక్కడం వెనక కామరాజ్ ప్లాన్ ఉంది. పెద్ద నాయకులు పదవులు వదిలి పార్టీ పనికి వెళ్లాలన్న ఆ పథకం కింద 1963లో మొరార్జీ దేశాయ్, లాల్ బహదూర్ శాస్త్రి, జగ్జీవన్ రామ్ వంటివాళ్లు మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. శాస్త్రి వదిలిన హోం శాఖ నందాకు వచ్చింది. 1964 జనవరిలో శాస్త్రి తిరిగొచ్చినా వరసలో నందా పేరే ముందుంది.

అసలు వారసుడెవరన్న లెక్కలు వేరేచోట నడిచాయి. 1963 అక్టోబర్‌లోనే కామరాజ్, నీలం సంజీవరెడ్డి, నిజలింగప్ప, అతుల్య ఘోష్ తిరుపతిలో కలిశారు. తర్వాత ‘సిండికేట్’గా పేరుపడ్డ ఆ బృందం మొరార్జీని అడ్డుకుని శాస్త్రిని నిలబెట్టింది. జూన్ 9న శాస్త్రి ప్రమాణం చేశారు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో శాస్త్రి మరణించడంతో మళ్లీ నందానే పిలిచారు. ఈసారి ఆ కుర్చీలో కొనసాగాలని ఆయనకూ ఉండేదని ఆ కాలం గురించి రాసినవాళ్లు అంటారు. కానీ పార్లమెంటరీ పార్టీలో పోటీ ఇందిర, మొరార్జీల మధ్యే జరిగింది. ఇందిర 355–169 ఓట్లతో గెలిచి జనవరి 24న పగ్గాలు చేపట్టారు.

ఈ 26 రోజుల కంటే నందా జీవితంలో విలువైనది ఇంకోటి ఉందని నాకనిపిస్తుంది. 1898 జూలై 4న సియాల్‌కోట్‌లో పుట్టిన ఈ పంజాబీ, అలహాబాద్ విశ్వవిద్యాలయంలో కార్మిక సమస్యలపై పరిశోధన చేశారు. 1922లో అహ్మదాబాద్ జౌళి కార్మిక సంఘం కార్యదర్శి అయ్యారు. మిల్లు కార్మికుల మధ్య 1946 దాకా, అంటే 24 ఏళ్లు, అదే ఆయన పని. మధ్యలో సత్యాగ్రహాలు, జైళ్లు. తర్వాత బొంబాయి రాష్ట్ర కార్మిక మంత్రి, ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు, కేంద్ర మంత్రి. కాంగ్రెస్ అనుబంధ కార్మిక సంఘం ఐఎన్‌టీయూసీ పుట్టుకలోనూ ఆయన పాత్ర ఉంది. ఆయన నిరాడంబరత గురించి వాట్సాప్‌లో తిరిగే కథల్లో మాత్రం ఈ కార్మిక నాయకుడు ఎక్కడా కనిపించడు.

హోం మంత్రిగా ఆయన కథ అంత నున్నగా సాగలేదు. అవినీతి మీద గట్టిగా మాట్లాడారు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1964లో ఆయన హయాంలోనే ఏర్పడింది. అదే ఏడాది డిసెంబర్ చివర్లో సీపీఎం నాయకులను దేశమంతటా అరెస్టు చేయించిందీ ఆయనే. భారత్ సాధు సమాజ్‌కు పెద్దదిక్కుగా ఉన్న మనిషి, 1966 నవంబర్ 7న గోవధ నిషేధం కోరుతూ సాధువులు పార్లమెంటు మీదికి వచ్చినప్పుడు జరిగిన హింస, కాల్పుల తర్వాత పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత హర్యానాలోని కైథల్ నుంచి లోక్‌సభకు గెలిచి, కొంతకాలం రైల్వే మంత్రిగా చేశారు. 1997లో భారతరత్న ఇచ్చారు. 1998 జనవరి 15న, 99 ఏళ్ల వయసులో అహ్మదాబాద్‌లో కన్నుమూశారు.

ప్రధాని లేకుండా మంత్రివర్గం ఉండదు, మంత్రివర్గం లేకుండా రాష్ట్రపతి పాలించలేరు. మంత్రివర్గం ఎప్పుడూ ఉండి తీరాలని 1971లో యూఎన్ఆర్ రావు కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే ఆ కుర్చీలో ఎవరో ఒకరిని వెంటనే కూర్చోబెట్టాలి. అది సీనియర్ మంత్రే కావాలన్న రూల్ మాత్రం లేదు. 1984 అక్టోబర్ 31న ఇందిర హత్య జరిగిన సాయంత్రమే రాష్ట్రపతి జైల్ సింగ్, సీనియర్ మంత్రులను పక్కనపెట్టి నేరుగా రాజీవ్ గాంధీ చేత ప్రమాణం చేయించారు. అప్పటికి నందా వయసు 86.