ఆ నీరు వృథా కాదు

ఏటా ఆగస్టులో టీవీలో ఒకటే మాట: గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పది లక్షల క్యూసెక్కుల నీరు వృథాగా సముద్రంలోకి పోతోందని. నాకు ఆ 'వృథాగా' దగ్గరే పేచీ.

10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి దాదాపు 2.8 కోట్ల లీటర్లు. 1852లో కాటన్ దొర పూర్తి చేయించిన ఆనకట్ట గానీ, దాని బదులు 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీ గానీ ఇంత వరదని దాచుకోడానికి కట్టినవి కావు. కాలువలకి నీళ్ళు ఎక్కేంత మట్టం నిలబెట్టడమే వాటి పని. నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, 175 గేట్లూ ఎత్తి కిందికి వదలాల్సిందే.

అలా వదిలిన దాంట్లో గౌతమి పాయ వాటా యానాం మీదుగా కోరంగి మడ అడవుల వైపు వెళ్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఎండాకాలంలో, పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసినప్పుడు, అక్కడికి వెళ్ళి చూడండి. బురదలోంచి తెల్లమడ వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు నిక్కబొడుచుకుని ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి, నీరు తీసినప్పుడు పైకి తేలిన ఆ వేళ్ళతోనే ఊపిరి పీల్చుకుంటాయి. ఆకు మీద వేలితో రాసి నాలిక్కి తగిలించుకుంటే ఉప్పు! వేళ్ళు పీల్చిన ఉప్పులో కొంత చెట్టే ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది.

అంతమాత్రాన ఉప్పంటే వాటికి ఇష్టమనుకోకండి. భరిస్తాయి, అంతే. నేలలో పేరుకున్న ఉప్పుని ఏడాదికోసారి కడిగేది ఆ వరదే. చెట్లు నిలదొక్కుకునే ఒండ్రు తెచ్చేదీ అదే. కాకినాడకి అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ కూడా గోదారి మోసుకొచ్చిన ఇసుకే. ఇప్పుడు ఆ ఒండ్రులో చాలా భాగం ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. రబీలో ఉన్న నీళ్ళన్నీ కాలువలకే సరిపోతే, కింద ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. దాళ్వా వరిని, అంటే ఆ రబీ పంటని కాదనను, నేనూ ఆ అన్నమే తింటున్నాను.

పులస సంగతి చూడండి. పుస్తెలమ్మైనా తినాలంటారే, ఆ చేప వరద రోజుల్లోనే గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి గోదాట్లోకి ఎదురీదుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని ఇలస అంటారు, ఏట్లోకి వచ్చాకే పులస. ధవళేశ్వరం గేట్ల దాకా వచ్చి, అక్కడ ఆగిపోతుంది.