బ్రష్ సీల్: ఫీలర్ గేజ్‌కు అందని లీకేజీ

చెల్పూరు, రామగుండం, జైపూర్... ఇటువైపు థర్మల్ ప్లాంట్లలో ఓవర్‌హాల్ పనులకు తిరిగే మా వాళ్లకు ల్యాబిరింత్ సీల్ (టర్బైన్ షాఫ్ట్ చుట్టూ ఆవిరి లీకేజీని తగ్గించే పళ్ల వరుస) కొట్టిన పిండి. అదే పని సన్నని తీగల కట్టతో చేసే బ్రష్ సీల్ అనగానే మాత్రం తలా ఒక మాట చెబుతారు.

అపోహ: బ్రష్ సీల్ పెడితే ఆవిరి అసలు లీక్ కాదు.

అవుతుంది. ఈ సీల్‌లో ఉండేవి సుమారు 0.05 నుంచి 0.15 మి.మీ. మందంలో, ఎక్కువగా కోబాల్ట్ మిశ్రలోహంతో చేసిన తీగలు. గుండ్రటి తీగలను లెక్క ప్రకారం ఎంత దగ్గరగా పేర్చినా 9 శాతం పైచిలుకు ఖాళీ మిగులుతుంది. నిజం సీల్‌లో ఇంకా ఎక్కువే. ఇసుక పొరలోంచి నీళ్లు దిగినట్టు ఆవిరి ఆ సందుల్లో దారి వెతుక్కుంటూ ఒత్తిడి పోగొట్టుకుంటుంది. మంచి స్థితిలో ఉన్న బ్రష్, ల్యాబిరింత్ కంటే లీకేజీని బాగా తగ్గిస్తుంది. అంతవరకే.

అపోహ: ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెడితే లీకేజీ సంగతి తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది ఇదే. ల్యాబిరింత్‌కు ఆ అలవాటు నడుస్తుంది. బ్రష్ మాత్రం మెషిన్ ఆగినప్పుడు ఒకలా, ఒత్తిడి పడ్డాక ఇంకోలా ఉంటుంది. ఆవిరి తీగల కట్టలోకి దూరి షాఫ్ట్ వైపు మళ్లుతూ తీగలను కూడా లోపలికి వాలుస్తుంది. ఆగినప్పుడు కనిపించిన సందు తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. క్రిటికల్ స్పీడ్ (వైబ్రేషన్ బాగా పెరిగే వేగం) దాటేటప్పుడు రోటర్ (షాఫ్ట్‌తో సహా తిరిగే భాగం) ఊగి తీగలను బయటికి నెడుతుంది. రోటర్ సర్దుకున్నాక అవీ వెనక్కి రావాలి. కానీ తీగలకు వెనక ఆనికగా ఉన్న బ్యాకింగ్ ప్లేట్‌కు ఒత్తిడి వాటిని అదిమి పట్టడంతో రాపిడికి అక్కడే ఇరుక్కుపోతాయి. ఒత్తిడి తగ్గితేనే విడుదల. అందుకే ఒకే సీల్, ఒకే ఒత్తిడి, అయినా లోడ్ పెరిగేటప్పుడు ఒక రీడింగ్, దిగేటప్పుడు మరొకటి రావచ్చు. స్టార్టప్‌లో లీకేజీ పెరిగిందని అప్పటికప్పుడే ‘సీల్ పోయింది’ అని లాగ్‌లో రాసేయడం తొందరపాటు. ఈ ఇరుకుడు తగ్గించడానికి కొన్ని డిజైన్లలో బ్యాకింగ్ ప్లేట్ ముఖాన గాడి కూడా తీస్తారు.

“సార్, గీ తీగలు రోటర్‌ను గీకెయ్యవా?” అని మా వాళ్లు అడుగుతారు.

తీగలు దాదాపు 45 డిగ్రీల వాలుతో ఉంటాయి కాబట్టి రోటర్ తగిలితే వంగుతాయి. గీతల కంటే నాకు టెన్షన్ పెట్టేది వేడి. ఒకే పక్క రాపిడై రోటర్ వేడెక్కి వంగితే వైబ్రేషన్ పెరుగుతుంది. పెద్ద ఆవిరి టర్బైన్లలో తరచూ కొద్దిపాటి సందు వదిలి బిగించేది అందుకే.

అపోహ: బ్రష్ వచ్చాక ల్యాబిరింత్ పళ్లు దండగ.

ఆవిరి టర్బైన్‌లో మామూలుగా ఆ పళ్ల మధ్యే బ్రష్ కూర్చుంటుంది. తీగలు అరిగిపోయిన రోజున ఆదుకునేవి ఆ పళ్లే.

అపోహ: ఎటు తిప్పి పెట్టినా బ్రష్ బ్రష్షే.

బ్యాకింగ్ ప్లేట్ తక్కువ ఒత్తిడి వైపే ఉండాలి. తిరగేస్తే తీగలకు ఆనిక ఉండదు. వాలు కూడా రోటర్ తిరిగే దిక్కుకే ఉండాలి. సెగ్మెంట్ (సీల్ ముక్క) చేతిలోకి తీసుకుని తీగల కొసల మీద వేలు మెల్లగా రాయండి. ఒకవైపు నున్నగా జారుతుంది, రెండోవైపు గుచ్చుకుంటుంది. నున్నగా జారే దిక్కే రోటర్ తిరగాల్సిన దిక్కు. కింది సగంలో సరిగా ఉందని పై సగాన్ని నమ్మకండి, ప్రతి సెగ్మెంట్‌నూ విడిగా చూడండి. పై కేసింగ్ (టర్బైన్ పై కవర్) దించాక వేలు పెట్టే చోటు ఉండదు.