మడమ కింద కపిల మోకు

"తెల్లారి లేచి కాలు కింద పెడితే మేకు దిగినట్లుంటాది సార్. పదడుగులేస్తే తగ్గుతాది, మళ్లీ సాయంత్రానికి మొదలు. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు. కోయించుకోవాల్నా?"

అడిగింది మా వీధి చివర కారం దోసెలు పోసే అక్క. కడపలో తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే పదకొండింటి దాకా ఆమె నిలబడేది నల్లబండ మీద, ఉత్త కాళ్లతో. నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ ఆ మాటల్లో నాకు రోగం కంటే ముందు ఒక యంత్రం కనిపించింది.

ఆ ఎముక సంగతి ముందే తేల్చేద్దాం. ఏ నొప్పీ లేనివాళ్లకు ఎక్స్‌రే తీసినా చాలామంది మడమల్లో ముల్లులా పెరిగిన ఆ ఎముక కనిపిస్తుంది. ముల్లు ఉండి నొప్పి లేనివాళ్లూ, నొప్పి ఉండి ముల్లు లేనివాళ్లూ కావలసినంత మంది. దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు.

నొప్పి పుట్టేది ప్లాంటార్ ఫేషియా అనే పట్టీలో. అది మడమ ఎముక అడుగున, కాస్త లోపలి వైపు మొదలై, అరికాలి పొడవునా సాగి, ఐదు పాయలుగా చీలి వేళ్ల మొదళ్లను పట్టుకుంటుంది. ఇక్కడే నాకు మా తాత బావి మీది కపిల గుర్తొస్తుంది. ఎద్దులు దిగుడు బాటలో నడుస్తుంటే మోకు గిలక మీదుగా సాగేది, నీళ్ల బాన పైకి లేచేది. ఆ కపిల ఇప్పుడు నాకెక్కడా కనపడటం లేదు గానీ, ప్రతి మనిషి పాదంలోనూ ఒకటి తిరుగుతూనే ఉంది.

కాలివేళ్ల వెనక, అరికాలి ముందు భాగంలో ఉబ్బెత్తుగా తగిలే గుండ్రటి ఎముకల తలలే గిలకలు. మోకు ఈ పట్టీ. ఎద్దు పని చేసేది పైకి వంగే వేలు. బాన స్థానంలో మడమ. వేలు పైకి వంగిందంటే మోకు గిలక చుట్టూ చుట్టుకుంటుంది, ఆ మేరకు పొడవు తగ్గుతుంది. మడమ ముందుకు లాగబడి పాదం మధ్య వంపు పైకి లేస్తుంది. 1954లో హిక్స్ అనే ఆయన దీన్ని వివరించి, ఓడలో లంగరు తాడు చుట్టే ఇరుసు పేరు మీద 'విండ్‌లాస్' అన్నాడు. ఆయన మన వైపు పుట్టుంటే కపిల అనే ఉండేవాడు.

నమ్మకం కుదరకపోతే నిలబడి, ఎవరినైనా మీ బొటనవేలు పైకెత్తమనండి. మా మనవడు నా వేలు ఎత్తి, "తాతా, వంతెన లేస్తోంది!" అని కేక పెట్టాడు. ముప్పై ఏళ్లు గిలక పాఠం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. పిల్లల చెప్పులు విప్పించి చూపించాలని ఒక్కనాడూ తట్టలేదు.

నడకలో వెనక మడమ లేచినప్పుడల్లా వేళ్లు నేలకు అంటుకుని వంగుతాయి, కపిల తిరుగుతుంది. దానం చేసిన మృతదేహాల పాదాలను యంత్రంతో నడిపించి కొలిస్తే, ఆ క్షణంలో ఈ పట్టీ మీద పడే లాగుడు దాదాపు మనిషి బరువంత ఉందని 2004లో లెక్క తేలింది. డెబ్బై కిలోల మనిషి ఐదు వేల అడుగులు వేస్తే, ఒక్కో పాదంలో రెండున్నర వేల సార్లు.

కపిల మోకు మధ్యలో తెగడం నేను చూడలేదు. పీచు లేచేది ముడి దగ్గరే. పాదంలో ఆ ముడి మడమ ఎముక. ఆపరేషన్లలో తీసిన 50 మంది కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి 2003లో చెప్పిందీ అదే: ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు-మంట ఆనవాళ్లు లేవు, పోగులు చెదిరి, శిథిలమై ఉన్నాయి. ఈ నొప్పికి డాక్టర్లు పెట్టిన పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. అందులోని 'ఐటిస్' అంటే ఇన్‌ఫ్లమేషనే, అది అక్కడికి నప్పలేదన్నమాట. నొప్పి బిళ్లలు కాసేపు ఉపశమనమిచ్చి ఊరుకునేది అందుకేనేమో. స్టెరాయిడ్ సూది వేస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. పదే పదే వేయించుకుంటే మడమ కింది కొవ్వు మెత్త పలచబడవచ్చు, పట్టీ తెగిపోనూ వచ్చు. షుగరున్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కూడా.

పొద్దుటి మొదటి అడుగే ఎందుకంత బాధ? నిద్రలో పాదం కిందికి వాలి, మోకు వదులుగా గంటల తరబడి ఉంటుంది. మంచం దిగగానే ఒంటి బరువంతా ఒక్కసారిగా ముడి మీద. కాబట్టి దిగక ముందే మోకును మెల్లగా బిగించాలి. కూర్చుని నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లను ముంగాలి వైపు లాగండి. రెండో చేత్తో తడిమితే అరికాలిలో పట్టీ నులక మంచం తాడులా బిగుసుకుని తగలాలి. పది సెకన్లు, పది సార్లు, రోజుకు మూడు పూటలు. పది నెలలకు పైగా బాధపడుతున్న 101 మంది మీద చేసిన పరీక్షలో, నిలబడి పిక్క మాత్రమే సాగదీసినవాళ్ల కంటే ఇలా చేసినవాళ్లకు ఎనిమిది వారాల్లో బాగా తగ్గింది. పిక్కను వదిలేయమని కాదు. అది బిగుసుకుపోతే మోకు మీద భారం పెరుగుతుంది.

ఇక్కడ నా పోలిక చేతులెత్తేస్తుంది. మోకు తనను తాను పేనుకోదు, పట్టీ పేనుకుంటుంది. లోపలి కణాలు లాగుడును పసిగట్టి కొత్త కొల్లాజెన్ పోగులు అల్లుతాయి. గట్టిగా బరువు పడ్డాక మొదటి రోజు పోగులు విరగడమే ఎక్కువ, అల్లిక పైచేయి అయ్యేది ఆ తర్వాత. అందుకే బరువు వ్యాయామం రోజు విడిచి రోజు. మెట్టు అంచున, వేళ్ల కింద తువ్వాలు చుట్టపెట్టి, మూడు సెకన్లలో మడమ లేపి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించాలి. వేళ్ల కింద తువ్వాలే ఇందులో కిటుకు, కపిలను తిప్పేది అదే. 2014 నాటి డెన్మార్క్ పరీక్షలో మూడు నెలలకు ఇది సాగదీతను మించింది, ఏడాది తిరిగేసరికి రెండూ సమానం.

ఇటుక కాల్చి, జిల్లేడాకు పరిచి, మడమతో తొక్కడం మన ఇళ్లలో పాత వైద్యం. వాతం లాగేస్తుందంటారు. వాతం సంగతి నాకు తెలీదు, వేడికి కాసేపు హాయిగా ఉండటం మాత్రం నిజమే. షుగరుతో స్పర్శ తగ్గిన కాలికి అదే ఇటుక పుండు పెడుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే అదో పెద్ద గొడవ.

గట్టి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడొద్దంటే, ఇంట్లో చెప్పులేమిటని మా ఆవిడ కూడా అంది. వంటింటికి వేరే మెత్తటి జత పెట్టుకుంటే దేవుడికి వచ్చే నష్టమేమీ లేదు. కొలత తీసి చేయించే ఖరీదైన ఇన్‌సోల్, షాపులో దొరికే రెడీమేడ్‌ను పెద్దగా మించదు. ప్లాస్టర్ టేపు కొన్ని రోజుల ఊరట. ఆరు నెలలైనా తగ్గనివాళ్లకు షాక్‌వేవ్ ఉంది. పేరు చూసి కరెంటు షాక్ అనుకునేరు, అవి ఒత్తిడి తరంగాలు. నూటికి ఎనభై తొంభై మందికి ఏడాది లోపు కత్తి లేకుండానే తగ్గుతుంది. తిమ్మిరి, జ్వరం, పడుకున్నా తగ్గని నొప్పి, కుర్రవాళ్లలో రెండు మడమల నొప్పితోపాటు పొద్దున్నే నడుం పట్టేయడం ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికే, ఈ వ్యాసం దగ్గరికి కాదు.

అక్క ఇప్పుడు పెనం కాగేలోపు గడప మీద తువ్వాలు వేసి మడమలు లేపుతోంది. పొయ్యి దగ్గర రబ్బరు చాప, కాళ్లకు చెప్పులు. తొమ్మిది వారాలైంది. మొదటి అడుగు ఇంకా చురుక్కుమంటుందట, మేకు మాత్రం కాదట.

"అయితే ఆ ఎముక కరిగిపోయినట్లేనా సార్?"

"లేదక్కా, అట్లే ఉంటుంది."

నమ్మలేదు. ఎర్రకారం మాత్రం రెండింతలు పూసిచ్చింది.