గుద్దింది అవతలివాళ్లు, మరి రెంటల్ కారు ఎవరిస్తారు? అపోహలు - వాస్తవాలు

వాహన ఇన్సూరెన్స్ క్లెయిములు చూడటం నా పని. యాక్సిడెంట్ అయిన మర్నాడు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ముందు అడిగేది రిపేరు గురించి కాదు, "రేపు ఆఫీసుకి ఎలా వెళ్లాలి?" అని. ఆ టెన్షన్‌లో చేసే పొరపాట్ల వల్ల రావాల్సిన డబ్బు పోగొట్టుకుంటుంటే చూడలేక ఇది రాస్తున్నాను. రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. తప్పు చేసినవారి ఇన్సూరెన్స్ కంపెనీ నష్టం కట్టే పద్ధతి ఉన్న చోట్లకే ఇవి వర్తిస్తాయి.

అపోహ: తప్పు నాది కాదు కాబట్టి అవతలి కంపెనీ వెంటనే కారు ఇస్తుంది.

వాస్తవం: తప్పు మీది కాదని ఆ కంపెనీ ముందు ఒప్పుకోవాలి. అందుకు వాళ్ల కస్టమర్ మాట వినాలి, పోలీసు రిపోర్టు, ఫొటోలు చూడాలి. ఆ కస్టమర్ ఫోన్ ఎత్తకపోతే రోజులు గడిచిపోతాయి. అందుకే ముందు మీ సొంత పాలసీ తీసి చూడండి. అందులో రెంటల్ కవరేజీ (రిపేరు రోజుల్లో అద్దె కారు ఖర్చు ఇచ్చే సదుపాయం) ఉంటే అవతలివాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు. రోజుకి ఇంత, మొత్తం ఇన్ని రోజులు అని పరిమితి మాత్రం ఉంటుంది. ఆ డబ్బు మీ కంపెనీ తర్వాత అవతలి కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుంది. కవరేజీ లేక సొంత డబ్బుతో తీసుకుంటే ప్రతి రసీదూ దాచండి.

అపోహ: కారు షెడ్డులో ఉన్నన్ని రోజులూ అద్దె వాళ్లే కడతారు.

వాస్తవం: నేను చూసిన గొడవల్లో ఎక్కువ ఇక్కడే మొదలవుతాయి. రిపేరుకి న్యాయంగా పట్టే రోజులకే అద్దె ఇస్తారు. బంపర్ నొక్కుకుపోయినా కారు బాగానే నడుస్తోందనుకోండి. తొందరపడి షెడ్డులో వదిలేస్తే, పార్టు వచ్చేదాకా అది ఊరికే నిలబడుతుంది. ఆ రోజుల అద్దె ఎందుకివ్వాలని కంపెనీ అడ్డం తిరుగుతుంది. ముందు ఎస్టిమేట్ వేయించి, పార్టులు తెప్పించమని చెప్పి, అవి వచ్చాక కారు అప్పగించండి. అయితే లైటు వెలగకపోయినా, తలుపు సరిగా పడకపోయినా దాన్ని రోడ్డు మీదకి తీయకండి. నడపడం క్షేమం కాదని షెడ్డువాళ్ల చేత రాయించుకోండి. పని మధ్యలో ఆలస్యమైతే, కారణం తేదీలతో సహా కాగితం మీద తీసుకుని, అద్దె గడువు ముగియకముందే అడ్జస్టర్‌కి (మీ క్లెయిము చూసే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషికి) పంపండి. గడువు దాటాక పంపితే ఆ రోజులు ఇప్పించడం చాలా కష్టం.

అపోహ: కారు రిపేరుకి పనికిరానంతగా పాడైతే, కొత్తది కొనేదాకా రెంటల్ ఉంచుకోవచ్చు.

వాస్తవం: సాధారణంగా పరిహారం ఎంతో చెప్పిన కొద్ది రోజులకే ఆపేస్తారు. ఆ ఫోన్ రాకముందే కొత్త కారు వెతకడం మొదలుపెట్టండి.

అపోహ: రెంటల్ బిల్లులో ఉన్నదంతా అవతలి కంపెనీయే కడుతుంది.

వాస్తవం: పెట్రోలు, టోల్, డిపాజిట్ మీవే. మీ కారు స్థాయికి మించిన బండి తీసుకుంటే తేడా కూడా మీదే. రెంటల్ కౌంటర్ దగ్గర అమ్మే డ్యామేజీ వేవర్‌కి (అద్దె కారు పాడైతే ఆ ఖర్చు మీమీద పడకుండా డబ్బు కట్టి తీసుకునేది) సంతకం పెట్టే ముందు, మీ పాలసీ అద్దె కారుకీ వర్తిస్తుందేమో ఫోన్ చేసి కనుక్కోండి.

అపోహ: అద్దెకి తీసుకోకపోతే ఏమీ రాదు.

వాస్తవం: చాలాచోట్ల, వాహనం లేక ఇబ్బంది పడిన రోజులకి విడిగా పరిహారం అడగొచ్చు. కారు పూర్తిగా పాడైనా ఈ హక్కు ఉంటుందని అమెరికాలో టెక్సాస్ సుప్రీంకోర్టు 2016లో తీర్పిచ్చింది. ఇంట్లోవాళ్ల బండి మీద సర్దుకున్నామని వదిలేయకండి. రిపేరు తేదీలు, క్యాబ్ రసీదులు జతచేసి రాతపూర్వకంగా అడగండి.